పోలీసు ముందు ఒప్పుకున్న నేరం

"పోలీసులు తమదైన శైలిలో విచారించగా నిందితుడు నేరాన్ని అంగీకరించాడు." తెలుగు దినపత్రికల జిల్లా పేజీలు చదివే అలవాటున్నవారికి ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. ఆ "తమదైన శైలి" ఏమిటో విలేకరి వ్రాయడు, చదువరి అడగడు; ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ తెలిసిన ఆ సంగతి చట్టానికి కూడా తెలుసు. అందుకే ఆ అంగీకారం మరునాటి పత్రికలో అచ్చు వేసుకోవడానికి పనికివస్తుంది గాని న్యాయస్థానంలో సాక్ష్యంగా పనికిరాదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువుగా వాడరాదని 1872 నాటి భారత సాక్ష్య చట్టం 25వ సెక్షను శాసించింది. హెడ్ కానిస్టేబులైనా, డైరెక్టర్ జనరలైనా ఆ సెక్షను దృష్టిలో ఒకటే.

ఉగ్రవాదాన్ని అణచడానికి తెచ్చిన చట్టాలు ఈ గోడకు ఒక తలుపు పెట్టాయి. ఆ తలుపు ఎప్పుడు, ఎందుకు తెరిచారు, దానిలోంచి ఎవరెవరు ఉరికంబం దాకా వెళ్లారు అన్నదే ఈ టపాలో చెప్పదలచుకున్న కథ. తలుపు సంగతి చాలామంది వ్రాశారు. గోడ ఎవరు కట్టించారన్నది మాత్రం మనవాళ్లు దాదాపు మరచిపోయారు. దాని పునాదులలోనూ, ఆ తరువాతి వరుసలలోనూ మన ఊళ్ల పేర్లు, మనవాళ్ల పేర్లు ఇన్ని ఉన్నాయని నేను చాలాకాలం ఎరుగను. కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

గాజుల లక్ష్మీనరసు చెట్టి పేరు విన్నవారు మనలో కొద్దిమందే ఉంటారు. మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తకుడు; 1844లో "క్రెసెంట్" అనే ఇంగ్లీషు పత్రికను నడపడం మొదలుపెట్టి, 1852లో మద్రాసు స్వదేశీయుల సంఘాన్ని నెలకొల్పినవాడు. కాంగ్రెసు పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందటి మాట ఇది. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ 1853లో మద్రాసుకు వచ్చినప్పుడు చెట్టి ఆయనను వెంటబెట్టుకుని పల్లెలలో తిప్పాడు. శిస్తు కట్టలేని రైతును ఏమి చేస్తారో, దొంగతనం అనుమానం పడినవాడిని ఏమి చేస్తారో ఆ దొరకు కళ్లారా చూపించాలని ఆయన పట్టుదల. 1854 జూలైలో లండనులో కామన్స్ సభలో ఈ విషయం మీద చర్చ జరిగింది. ఈస్టిండియా కంపెనీ ఇక తప్పించుకోలేక విచారణ సంఘాన్ని వేసింది. అందులో ముగ్గురు: ఇలియట్, స్టోక్స్, బారిస్టరు జాన్ బ్రూస్ నార్టన్.

1855లో వెలువడిన ఆ నివేదికను చదవడం సుఖమైన పని కాదు. ఫిర్యాదులు వినడానికి సంఘానికి దొరికింది మూడు నెలలు మాత్రమే. అయినా స్వయంగా వచ్చినవారు, ఉత్తరాలు వ్రాసినవారు కలిపి దాదాపు 2,000 మంది తేలారు. రైలు లేని రోజులలో జిల్లాల నుంచి మద్రాసుకు నడిచి వచ్చినవారు ఉన్నారు. ఎర్రటి ఎండలో నిలబెట్టడం, కళ్లలో కారం పెట్టడం, జుట్టుకు కట్టి వేలాడదీయడం, నీళ్లు ఇవ్వకపోవడం, కొబ్బరి చిప్ప కింద పురుగును పెట్టి బొడ్డు మీద కట్టడం వంటివి అందులో వరుసగా ఉంటాయి. అన్నింటిలోకి ఎక్కువగా వాడినవి రెండు. ఒకటి, రెండు కర్రల మధ్య వేళ్లను పెట్టి నొక్కే సాధనం. అరవంలో దాని పేరు కిట్టి. రెండవది, మనిషిని వంచి తలను కాళ్లకు కట్టివేయడం; అది అణ్ణాందాళ్. ఈ రెంటికీ తెలుగు పేర్లను కూడా నివేదిక ప్రత్యేకంగా ఇచ్చింది. ఇంగ్లీషు లిపిలో ఉన్న ఆ మాటలను చీరట, గింగెరి అని చదువుకోవాలని నా ఊహ. నిఘంటువులు వెతికే ఓపిక ఉన్న మిత్రులు సరిచూడగలరు. ఒక హింసకు రెండు భాషలలోనూ స్థిరమైన పేరు ఉన్నదంటే అది ఎంత పాతుకుపోయిన పనో వేరే చెప్పనక్కరలేదు. కార్ల్ మార్క్స్ కూడా 1857లో న్యూయార్కు పత్రికకు పంపిన వ్యాసంలో ఈ నివేదికను ప్రస్తావించాడు.

సంఘం కనిపెట్టిన అసలు కిటుకు ఇది: తహసీల్దారే శిస్తు వసూలు చేసేవాడు, తహసీల్దారే పోలీసు అధికారి. రాబట్టవలసింది రూపాయి అయినా నిజం అయినా మనిషీ అదే, సాధనమూ అదే. ఈ రెండు అధికారాలనూ విడదీయమని సంఘం చెప్పింది. 1859లో మద్రాసు పోలీసును వేరు చేస్తూ చట్టం వచ్చింది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో, పోలీసుకు చేసిన నేరాంగీకారం సాక్ష్యం కాదన్న నియమం చేరింది. బెంగాలు పోలీసు మీద అంతకు ముందే వచ్చిన విమర్శలు కూడా దీని వెనుక ఉన్నాయి. ఘనత అంతా మద్రాసుకే కట్టబెట్టడం న్యాయం కాదు. 1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ సాక్ష్య చట్టాన్ని కూర్చినప్పుడు ఈ నియమాలనే 25, 26, 27 సెక్షన్లుగా అమర్చాడు. పోలీసులు ఎందుకు హింసిస్తారని ఆయన అడిగితే అనుభవజ్ఞుడైన ఒక అధికారి చెప్పిన సమాధానాన్ని స్టీఫెన్ తరువాతి కాలంలో తన గ్రంథంలో నమోదు చేశాడు. సారాంశం ఏమిటంటే, ఎండలో తిరిగి సాక్ష్యాలు వెదకడం కంటే నీడన కూర్చుని ఒకడి కళ్లలో కారం నూరడం సులువు. క్రౌర్యం కంటే సోమరితనమే దీనికి మూలమన్న ఆ మాట నాకు ఇప్పటికీ పాతబడినట్లు తోచదు.

పోలీసు పెద్దలు తరచు ఒక వాదం వినిపిస్తుంటారు. 25వ సెక్షను తెల్లవాడు నల్ల పోలీసు మీద చూపిన అపనమ్మకానికి గుర్తు అనీ, స్వతంత్ర దేశంలో అది మన పోలీసుకు అవమానమనీ. వినడానికి దేశభక్తిగా ఉంటుంది. మద్రాసు నివేదిక దొరలను నిర్దోషులుగా చూపి తప్పంతా దేశీయ ఉద్యోగుల మీదికి నెట్టిన మాటా నిజమే. అయితే ఆ విచారణను అడిగింది ఎవరు? లక్ష్మీనరసు చెట్టి అడిగాడు. వేళ్లు నలిగిన రైతులు అడిగారు. కంపెనీ కోరి తెచ్చుకున్న విచారణ కాదు అది. మనవాళ్లు మొరపెట్టుకుని సాధించుకున్న రక్షణను పరాయివాడు చేసిన అవమానంగా లెక్కవేయడం నాకు మింగుడుపడదు.

ఇక గోడ తరువాతి వరుసలకు వద్దాం. నేరాంగీకారం అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. ఆ లోటు తీర్చిన కేసు పిఠాపురంలో మొదలైంది. పిఠాపురం దివాను వద్ద బంట్రోతుగా పనిచేసిన ఒక వ్యక్తి, దివానుగారి అల్లుడి కుటుంబానికి ఇచ్చిన అప్పు వసూలుకని 1937 మార్చిలో బరంపురం బయలుదేరాడు. రెండు రోజుల తరువాత పూరీ స్టేషనులో, మూడో తరగతి పెట్టెలో దిక్కులేకుండా పడివున్న ఇనుప ట్రంకులో అతని శవం ముక్కలుగా దొరికింది. పాకాల నారాయణస్వామి కేసుగా న్యాయవాదులందరూ చదువుకునేది ఇదే. అరెస్టుకు ముందు నిందితుడు పోలీసులతో, ఆ మనిషి తన ఇంటికి వచ్చాడని, రాత్రి పడుకున్నాడని, మరునాడు సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడని చెప్పాడు. ఇది నేరాంగీకారమా? 1939 జనవరిలో ప్రివీ కౌన్సిలులో లార్డ్ అట్కిన్ కాదన్నాడు. నేరాన్ని స్పష్టంగా గాని, నేరానికి కావలసిన వాస్తవాలన్నింటినీ దాదాపుగా గాని ఒప్పుకుంటేనే అది నేరాంగీకారం; చిక్కులో పడవేసే ఒక సంగతి చెప్పినంత మాత్రాన కాదు. అయినా దర్యాప్తులో పోలీసుకు చెప్పిన మాట కనుక వేరే నియమం కింద దానినీ సాక్ష్యం నుంచి తొలగించాడు. నిందితుడికి మాత్రం దానివల్ల ఏమీ ఒరగలేదు. ట్రంకు ఎక్కడ కొన్నదీ, స్టేషనుకు ఎలా చేరిందీ చెప్పిన సాక్షుల బలం మీద శిక్ష నిలిచింది. పోలీసుకు చెప్పిన మాట లేకుండానే హత్య కేసు నిరూపించవచ్చునని చూపించినందుకు ఈ కేసు నాకు మరీ గుర్తుంటుంది.

రెండవది గుంటూరు జిల్లా కేసు. పులుకూరి కొట్టయ్య కేసులో 1946 డిసెంబరులో ప్రివీ కౌన్సిలు 27వ సెక్షను హద్దులు గీసింది. కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాటవల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు ఆ మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చునని ఆ సెక్షను చెబుతుంది. నిందితులలో ఒకడు తామంతా కలిసి కొట్టి చంపామని, ఒక బల్లేన్ని ఫలానావారి గడ్డివామిలో దాచానని, వచ్చి చూపిస్తానని అన్నాడు. గడ్డివామిలో బల్లెం దొరికింది. అప్పుడు "దాచాను" అన్నంత వరకే సాక్ష్యం, "కొట్టి చంపాము" అన్నది సాక్ష్యం కాదు అని సర్ జాన్ బ్యూమాంట్ తీర్పు. ఒక వస్తువు దొరికిందన్న వంకతో మొత్తం అంగీకారాన్ని లోపలికి రానిస్తే, ఇక ప్రతి కేసులోనూ ఏదో ఒక వస్తువు దొరికేటట్లు ఒప్పించగల నేర్పు పోలీసులకు ఉండనే ఉంటుందని ఆయన కొంత వ్యంగ్యంగానే సూచించాడు. గడ్డివాములలో దొరికిన కత్తులు, బరిసెల పంచనామాలు చూసిన మన న్యాయవాదులకు ఆ వ్యంగ్యాన్ని విప్పి చెప్పనక్కరలేదు.

స్వతంత్ర భారత రాజ్యాంగం 20వ అధికరణంలో, ఏ నిందితుడినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్షి కావలసిందని బలవంతపెట్టరాదని చేర్చింది. 25వ సెక్షను మారలేదు. తెలంగాణ పోరాటమూ, శ్రీకాకుళమూ, అత్యవసర పరిస్థితీ వచ్చి వెళ్లాయి. ప్రభుత్వాలు నిర్బంధ చట్టాలు తెచ్చాయి, విచారణ లేకుండా జైళ్లు నింపాయి. ఆ చీకటి రోజులలో కూడా దేశమంతటికీ వర్తించేటట్లు ఈ ఒక్క గోడను కదిలించినవారు లేరు.

అది కదిలింది పంజాబు వల్ల. ఇక్కడ ప్రభుత్వపక్షాన్ని తేలికగా తీసివేయరాదు. ఇందిరాగాంధీ హత్య, ఢిల్లీలో సిక్కుల ఊచకోత, 1985 మేలో ఢిల్లీలోనూ పరిసరాలలోనూ ట్రాన్సిస్టర్ బాంబులు, పంజాబులో బస్సులు ఆపి మనుషులను దింపి కాల్చడం. చూసిన సాక్షి కోర్టుకు రాడు, వస్తే మరుసటి వారం బ్రతికి ఉండడు. ఈ స్థితిలో 1985లో టాడా వచ్చింది. మొదటి చట్టంలో పోలీసు ముందు అంగీకారం ప్రసక్తి లేదు. దాని స్థానంలో 1987లో తెచ్చిన చట్టంలోని 15వ సెక్షనుతో అది ప్రవేశించింది. సూపరింటెండెంటు హోదాకు తగ్గని పోలీసు అధికారి వ్రాసుకున్నా, క్యాసెట్టులో రికార్డు చేసినా, ఆ అంగీకారం సాక్ష్యమే. చెప్పినవాడి మీదనే గాక తోటి నిందితుల మీద కూడా. నూట ఇరవై ఆరేళ్ల నియమానికి ఒక హోదా మినహాయింపు దొరికింది: కానిస్టేబులు కొడతాడు గాని ఎస్పీ కొట్టడు అని.

ఈ సెక్షను రాజ్యాంగబద్ధమేనా అన్న ప్రశ్న కర్తార్ సింగ్ కేసుగా సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ముందుకు వెళ్లింది. 1994 మార్చి 11న తీర్పు. ముగ్గురు బాగుందన్నారు, ఇద్దరు చెల్లదన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి, మరొకరు జస్టిస్ ఆర్.ఎం. సహాయ్. అధిక సంఖ్యాకుల తరఫున వ్రాసిన జస్టిస్ రత్నవేల్ పాండియన్, ఉగ్రవాద నేరం సాధారణ నేరం నుంచి వేరైన తరగతి గనుక దానికి వేరే పద్ధతి పెట్టడం సమానత్వానికి భంగం కాదన్నారు. అయితే తమకే మనసు కుదుటపడలేదేమో, కొన్ని జాగ్రత్తలు జోడించారు: అంగీకారం స్వేచ్ఛాయుతమైన వాతావరణంలో, చెప్పినవాడి మాటలలోనే ఉండాలి, ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేటు ముందుకు పంపాలి, హింస జరిగిందని ఫిర్యాదు చేస్తే వైద్యపరీక్ష చేయించాలి. రామస్వామిగారి తర్కం నాకు సూటిగా కనిపిస్తుంది. జిల్లాలో శాంతిభద్రతలకు బాధ్యుడు ఎస్పీ. దర్యాప్తు నడిపించేదీ ఆయనే. ఆ కేసు తేలాలన్న ఆత్రం ఉన్న మనిషికే, నిందితుడు ఇష్టపూర్వకంగా చెప్పాడా లేదా అని తేల్చే మేజిస్ట్రేటు పనిని అప్పగిస్తే ఆ అంగీకారానికి మచ్చ అంటకుండా ఎలా ఉంటుంది? శిస్తు తహసీల్దారునూ, పోలీసు తహసీల్దారునూ విడదీయమన్న 1855 నాటి మాటే ఇది, రాజ్యాంగ భాషలో.

టాడా 1995 మేలో గడువు తీరి పోయింది. అప్పటికి ఆ చట్టం కింద పట్టుబడినవారు దాదాపు 76,000 మంది. శిక్షలు పడినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. ఉగ్రవాదం పేరు వినని గుజరాతులోనే 19,000కు పైగా అరెస్టులు. మన రాష్ట్రంలో నక్సలైటు కేసులలో వాడారు.

చట్టం పోయినా దాని కింద నమోదైన అంగీకారాలు పోలేదు. రాజీవ్ గాంధీ హత్య కేసులో 1998లో విచారణ కోర్టు ఇరవై ఆరుగురికి, అంటే నిందితులందరికీ, ఉరిశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు పంతొమ్మిది మందిని విడిచిపెట్టి, నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం ఖాయం చేసింది. విచిత్రం ఏమంటే, ఇది టాడా నేరమే కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అయినా టాడా కింద పోలీసు అధికారి వ్రాసుకున్న అంగీకారాలను మాత్రం, అన్ని నేరాలూ కలిపి విచారించారు గనుక, హత్యానేరానికి కూడా వాడుకోవచ్చునంది. పునాది తీసివేసి మేడ నిలబెట్టినట్లు నాకు తోస్తుంది. పంతొమ్మిదేళ్ల వయసులో అరెస్టయిన పేరరివాళన్ మీద ప్రధానమైన ఆధారం, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొని ఇచ్చానన్న అంగీకారం. దానిని వ్రాసుకున్న అధికారి పదవీ విరమణ తరువాత, 2013లో, ఒక సంగతి బయటపెట్టాడు. ఆ బ్యాటరీలు దేనికోసమో తనకు తెలియదని కూడా కుర్రవాడు చెప్పాడట. ఆ వాక్యాన్ని తాను వ్రాయలేదట. ఉరి 2014లో యావజ్జీవంగా మారింది, 2022 మే 18న సుప్రీంకోర్టు ఆయనను విడుదల చేసింది. ముప్పై ఒక్క ఏళ్లు గడిచాయి. రాయకుండా విడిచిన ఆ ఒక్క వాక్యాన్ని కొట్టి రాబట్టలేదని గమనించాలి. ఎస్పీ హోదా కొట్టకుండా ఆపవచ్చునేమో గాని, కలం ఏమి వదిలివేయాలో నిర్ణయించకుండా ఆపదు.

2001లో న్యూయార్కు దాడుల తరువాత ఆర్డినెన్సుగా, 2002 మార్చిలో ఉభయసభల సంయుక్త సమావేశంలో చట్టంగా పోటా వచ్చింది. అందులో 32వ సెక్షను పాత తలుపునే తిరిగి తెరిచింది, కర్తార్ సింగ్ తీర్పులోని జాగ్రత్తలను గడియగా బిగించి: నలభై ఎనిమిది గంటలలో మనిషినీ కాగితాన్నీ మేజిస్ట్రేటు ముందు ఉంచాలి, ఆ తరువాత అతడిని జ్యుడిషియల్ కస్టడీకి పంపాలి. పౌరస్వేచ్ఛల సంఘం దీనిని సవాలు చేసింది. ఆనాడు దాని జాతీయ అధ్యక్షుడు మన కె.జి. కన్నబిరాన్. 2003 డిసెంబరులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది.

ఆ గడియ ఎంతవరకు పనిచేసిందో పార్లమెంటు మీద దాడి కేసులో చూడవచ్చు. 2001 డిసెంబరు 13న దాడి. 20న అఫ్జల్‌ను టీవీ కెమెరాల ముందు కూర్చోబెట్టారు. 21న డిప్యూటీ కమిషనరు అతని అంగీకారాన్ని వ్రాసుకున్నారు. 22న మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచి, మళ్లీ పోలీసు కస్టడీకే తీసుకువెళ్లారు. 2005 ఆగస్టు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు వ్రాసినది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచే వెళ్లిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి. న్యాయవాదిని సంప్రదించే హక్కు చెప్పలేదు, ఆలోచించుకోవడానికి ఇచ్చిన వ్యవధి కొద్ది నిమిషాలు, జ్యుడిషియల్ కస్టడీకి పంపలేదు. కనుక అఫ్జల్, షౌకత్‌ల అంగీకారాలు సాక్ష్యం కావని తోసిపుచ్చారు. అంతేకాదు, పోలీసు అధికారికి ఈ అధికారం ఇవ్వడం ఎంతవరకు క్షేమమన్న తన సందేహాన్ని కూడా దాచుకోలేదు. కర్తార్ సింగ్ తీర్పు ఉన్నది గనుక తిరగతోడలేమన్నారు. గిలానీని, నవ్‌జోత్ సంధును నిర్దోషులుగా వదిలారు, షౌకత్ ఉరిని పదేళ్ల జైలుగా తగ్గించారు.

తీర్పులో ఈ భాగాన్ని నేను గౌరవంతో చదువుతాను. తరువాతి భాగం దగ్గర ఆగిపోతాను. అంగీకారం లేకున్నా ఫోన్ కాల్స్, దొరికిన వస్తువులు, చనిపోయిన దుండగులను గుర్తించడం వంటి సందర్భ సాక్ష్యాల మీద అఫ్జల్ నేరం రుజువైందని చెప్పి, సమాజపు సామూహిక అంతరాత్మ తృప్తి పడాలంటే మరణశిక్షే తగునన్న అర్థంలో వ్రాశారు. 2013 ఫిబ్రవరి 9న ఉరి అమలైంది. కొన్నేళ్లపాటు ఆ అంతరాత్మ చదివింది, చూసింది దేనిని? డిసెంబరు 20 నాటి టీవీ ఒప్పుకోలునే గదా. న్యాయమూర్తి బల్ల మీదినుంచి తీసి పక్కన పెట్టిన కాగితం ఊళ్లో అందరి చేతిలోనూ ఉంది.

అక్షరధామ్ కేసు గురించి తక్కువ మాటలలో చెప్పినా చాలు. 2002 సెప్టెంబరులో గాంధీనగర్ ఆలయం మీద ఘోరమైన దాడి. దాడి చేసిన ఇద్దరూ అక్కడే చనిపోయారు. ఏడాది తరువాత అరెస్టులు, పోటా కింద అంగీకారాలు, ముగ్గురికి ఉరి, హైకోర్టు ధ్రువీకరణ. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులన్నది. అంగీకారాలు చట్టప్రకారం నమోదు కాలేదనీ, కథలు ఒకదానితో ఒకటి పొసగడం లేదనీ వివరంగా చూపింది. ఆనాడు దేశమంతా ఎన్నికల ఫలితాలు లెక్కబెట్టుకుంటున్నది గనుక ఆ తీర్పు లోపలి పేజీలకు వెళ్లింది.

హైదరాబాదు సంగతి చెప్పకుండా దాటవేయలేను. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పాతబస్తీ యువకులను పట్టుకుపోయారు. వారిలో చాలామంది హింస పెట్టారని చెప్పారు, వారి మీద పెట్టిన కేసులు నిలువలేదు. తరువాత దర్యాప్తు వేరే దారి పట్టింది, వేరే నిందితులు వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం విడుదలైన యువకులకు నష్టపరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కొత్త నిందితులలో స్వామి అసీమానంద 2010లో ఢిల్లీలో నేరాంగీకారం చేసింది మేజిస్ట్రేటు ముందు, పోలీసు ముందు కాదు. తరువాత దానిని ఉపసంహరించుకున్నారు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు కోర్టు దానిమీద ఆధారపడక అందరినీ నిర్దోషులుగా వదిలింది. మసీదులో ప్రార్థనకు వెళ్లి చనిపోయినవారి ఇళ్లలో ఈ రెండు వరుసల అంగీకారాలలో దేనివల్లా జవాబు దొరకలేదు. పోలీసు ముందు అంగీకారం మీద ఆధారపడే దర్యాప్తు వల్ల నష్టం నిందితుడికే అనుకుంటారు. మొదటి వారాలలో దొరకవలసిన నిజమైన సాక్ష్యం పోయిన తరువాత బాధితుడికి మిగిలేదేమిటి?

పోటా 2004 సెప్టెంబరులో రద్దయింది. దాని అధికారాలు చాలావరకు యు.ఎ.పి.ఎ. చట్టంలోకి 2004, 2008 సవరణలతో చేరాయి. బెయిలు దొరకడం దుర్లభమైంది. కాని పోలీసు ముందు అంగీకారం మాత్రం అందులోకి రాలేదు. మలిమత్ సంఘం 2003లో, అన్ని కేసులలోనూ ఎస్పీ ముందు అంగీకారాన్ని సాక్ష్యంగా ఒప్పుకోవాలని సిఫారసు చేసింది. అదీ చట్టం కాలేదు. 1872 చట్టాన్ని తీసివేసి 2023లో తెచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. వలసవాసన వదిలిస్తామని చెప్పి తెచ్చిన ఆ చట్టంలో కూడా నిషేధం నిలిచింది. మూడు పాత సెక్షన్లూ కలిసి 23వ సెక్షను అయ్యాయి, గుంటూరు గడ్డివామి దానికి మినహాయింపుగా వెంట వచ్చింది.

తలుపు మాత్రం రాష్ట్రాలలో మిగిలింది. మహారాష్ట్ర 1999లో చేసిన వ్యవస్థీకృత నేరాల చట్టంలో 18వ సెక్షను ఉంది. గుజరాతు చట్టం, ఏళ్ల తరబడి రాష్ట్రపతి ఆమోదం కోసం వేచి, 2019 డిసెంబరులో అమలులోకి వచ్చింది. దాని 16వ సెక్షనూ అటువంటిదే. 2006 జూలై 11న ముంబయి లోకల్ రైళ్లలో ఏడు బాంబులు పేలి 180 మందికి పైగా మరణించిన కేసులో మహారాష్ట్ర చట్టం కింద అంగీకారాలు నమోదు చేశారు. 2015లో ఐదుగురికి ఉరి, ఏడుగురికి యావజ్జీవం. 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు పన్నెండు మందినీ నిర్దోషులుగా ప్రకటించింది. ఉరిపడిన ఐదుగురిలో ఒకరు అప్పటికే జైలులో మరణించారు. వేర్వేరు నిందితులు వేర్వేరు అధికారుల ముందు చెప్పినట్లు వ్రాసిన అంగీకారాలలో కొన్ని భాగాలు ఒకే అచ్చులో పోసినట్లున్నాయని హైకోర్టు గమనించింది. మూడు రోజులకే, జూలై 24న, సుప్రీంకోర్టు ఆ తీర్పును ఇతర కేసులలో ప్రమాణంగా చూపరాదని నిలుపుదల ఉత్తర్వు ఇచ్చింది. విడుదలైనవారిని తిరిగి జైలుకు పంపమనలేదు.